కత్తెర పడని జడ

నవోదయ కాలనీలో జడ పట్టుకోవాలంటే ముందు గరిటె పట్టుకోవాలి. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. దాన్ని దాటే ధైర్యం మాత్రం ఇంతవరకూ ఎవరికీ రాలేదు. ఉగాది వెళ్ళి ఎండలు ముదిరాయంటే కాలనీ మొదట్లో, బెజవాడ బందరు రోడ్డుకు ఆనుకుని తాటాకు పందిరి లేస్తుంది. కుండలు దిగుతాయి. ఆటోవాళ్ళకూ, సెంట్రింగు పనివాళ్ళకూ, బస్సు కోసం నిలబడి మాడిపోయే వాళ్ళకూ రోజూ మజ్జిగ పోస్తారు. వేసవంతా ఆ పందిట్లో నిలబడి చెమటోడ్చిన ఆడవాళ్ళకే మే నెల ఆఖరి ఆదివారం, వేసవి సంబరాల ముగింపు నాడు, జడకోలాటంలో చోటు. ఎంత గొప్పగా ఆడేదైనా సరే, పందిట్లో కనిపించని మనిషికి కర్ర ఇవ్వరు.

జడకోలాటం చూడనివాళ్ళూ ఉంటారు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. పైన ఇనుప దూలానికి పాత సైకిలు రిమ్మొకటి వేలాడదీసి, దానికి పన్నెండు రంగుల నేత పట్టీలు కడతారు. పన్నెండు మంది ఆడవాళ్ళు తలో పట్టీ ఎడమచేత, కర్ర కుడిచేత పట్టుకుని చుట్టూ నిలబడతారు. సగం మంది ఇటూ, సగం మంది అటూ కదులుతారు. ఎదురొచ్చిన ఒకరి కింది నుంచి, ఆ తర్వాతి మనిషి పై నుంచి పట్టీని దాటిస్తూ, కర్రలు తాటిస్తూ తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటూ కిందికి దిగుతుంది. అల్లడం సగం పనే. ఆ తర్వాత అందరూ వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పోయి, ఆ జడను విప్పాలి. ఎవరి పట్టీ వాళ్ళ చేతిలో విడిగా నిలిస్తేనే ఆట పూర్తయినట్టు. అల్లి వదిలేయడం అంటే పిండి కలిపి పొయ్యి ఆర్పేయడం లాంటిది.

పోయినేడు ఆ జడ విడలేదు.

సగం దాకా చక్కగా విడిపోయి, అక్కడ బిగుసుకుంది. లాగారు, వదిలారు, ఇటు తిరిగారు, అటు తిరిగారు. లాగినకొద్దీ ముడి గట్టిపడింది. పక్క కాలనీ వాళ్ళంతా కుర్చీలు వేసుకుని మరీ చూశారు. చివరికి అసోసియేషన్ సెక్రటరీ లక్ష్మీకాంత్ మజ్జిగ పందిట్లోకి పరుగెత్తి, పెరుగు ప్యాకెట్లు కోసే కత్తెర పట్టుకొచ్చి, మైకులో "ఆపరేషన్ సక్సెస్" అంటూ జడను అడ్డంగా కత్తిరించేశాడు. జనం విరగబడి నవ్వారు.

ఆ జట్టును నడిపించింది నాగవేణి. ఆమె పుట్టిల్లు మంగళగిరి. నాన్నా, ఆ తర్వాత అన్నా మగ్గం మీదే బతికారు. మొగుడు ఏడుకొండలుకు వన్‌టౌన్‌లో చిన్న బట్టల కొట్టు. ఆ పట్టీలు అన్న ప్రత్యేకంగా నేసి పంపినవి. నేతపని ఇంట్లో పుట్టిన మనిషికి పని సగంలో ఉండగా గుడ్డ మీద కత్తెర పడటం ఎలా ఉంటుందో ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకునే లక్ష్మీకాంత్‌కు ఏం తెలుస్తుంది? కత్తెర కసుక్కుమన్న ఆ చప్పుడు నాగవేణి చెవుల్లోంచి పోలేదు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఇక ఊరి నోటి సంగతి చెప్పేదేముంది. నోరున్న ప్రతివాడూ ఒక మాటన్నాడు. నవోదయ కాలనీ కాస్తా కత్తెర కాలనీ అయింది, నాగవేణి కత్తెర నాగవేణి అయింది. రైతుబజారులో దోసకాయలు ఏరుకుంటుంటే వెనకనుంచి "కత్తెరాంటీ" అన్నారెవరో. లక్ష్మీకాంత్ అయితే కనిపించినప్పుడల్లా రెండు వేళ్ళు చాచి, కత్తిరించినట్టు ఆడించి చూపించేవాడు. అతను చెడ్డవాడు కాదు, ఒకే జోకును ఏడాది పాటు నడపగలిగిన ఓపిక ఉన్నవాడు, అంతే. అలాంటివాళ్ళు చెడ్డవాళ్ళకంటే ఎక్కువ విసిగిస్తారు.

నాగవేణి ఆ రోజు నుంచి కత్తెర ముట్టలేదు. బట్టల కొట్టు యజమాని పెళ్ళాం కత్తెర ముట్టనంటే ఎవరైనా నవ్వుతారు. అయినా ముట్టలేదు. ఈ వేసవి మజ్జిగ పందిట్లో కూడా పెరుగు ప్యాకెట్లను పిన్నీసుతో పొడిచో, పంటితో చించో కుండలో వంపేది తప్ప, మేకుకు వేలాడుతున్న ఆ కత్తెర వైపు చూసేది కాదు.

అయితే ఆమె ఒక పని చేసింది. పోయినేడు తెగిన ఆ జడ ముక్కను అప్పుడే ఇంటికి తెచ్చుకుంది. జూన్‌లో ఒక మధ్యాహ్నం దాన్ని భోజనాల బల్ల మీద పరిచి, వేలితో ఒక్కొక్క పట్టీ వెంబడి పోయింది. పట్టీలు ఒక్కొక్కటీ ఒక్కో రంగు కాబట్టి ఎవరు ఎక్కడ నడిచారో జడ మీదే కనిపిస్తుంది. అల్లిక అంతా తిన్నగానే ఉంది. ఒక్కచోట మాత్రం చిలకపచ్చ పట్టీ కిందినుంచి పోవాల్సింది పైనుంచి పోయింది. ఒకే ఒక్కసారి. విప్పేటప్పుడు ఆ ఒక్కచోటే అంతా బిగుసుకుంది.

చిలకపచ్చ పట్టీ పట్టుకున్నది శ్రీదుర్గ. సాక్షాత్తూ లక్ష్మీకాంత్ భార్య.

"అయితే చెప్పెయ్యవే. వేళ్ళాడిస్తున్నాడుగా రోజూ, ఆ వేళ్ళు ముడుచుకుంటాయి," అన్నాడు ఏడుకొండలు.

"చెప్తే ఏమవుద్ది? ఆ పిల్ల మళ్ళీ జడ పట్టుకోదు. పందిట్లోకీ రాదు."

"రాకపోతే పోయె. నిన్ను ఇన్నేసి మాటలంటుంటే నోరు మూసుకుని కూర్చుంది కదా."

"కూర్చుంది. నాకూ ఒళ్ళు మండింది. కానీ నడిపించింది నేను కదండీ. బస్సు కాలవలో పడితే డ్రైవర్నే అంటారు. వేరేవాళ్ళ తప్పని చెప్పి నా పేరు కడుక్కోవడం నాకొద్దు. జడ విప్పి కడుక్కుంటా."

ఏడుకొండలు తువ్వాలు భుజాన వేసుకుని కొట్టుకు వెళ్ళిపోయాడు. పెళ్ళాం గొంతు అలా మెత్తబడిందంటే ఇక వాదించి లాభం లేదని అతనికి అనుభవం మీద తెలుసు.

బల్ల మీద జడ ముక్కను చూస్తుండగా ఆమెకు నాన్న గుర్తొచ్చాడు. చిన్నప్పుడు మగ్గం దగ్గర ఆడుకుంటూ నాన్నను మాటల్లో పెట్టేది. మాటల్లో పడి ఆయన ఒక పోగు తప్పేసేవాడు. తప్పిన సంగతి నాలుగు వరసలు నేశాక తెలిసేది. అప్పుడాయన విసుక్కునేవాడు కాదు, కత్తెరా పట్టేవాడు కాదు. ఎలా నేశాడో అలాగే వెనక్కి నడిచేవాడు, ఒక్కో వరసా విప్పుకుంటూ, తప్పు పోగు దాకా. "దాన్ని గెంతి పోకూడదమ్మా. అది ఎట్లా పోయిందో అట్లానే వెనక్కి రావాల," అనేవాడు.

నాగవేణి ఆ మధ్యాహ్నం బల్ల ముందు కూర్చునే ఫక్కున నవ్వింది. జడ చెడిపోయింది శ్రీదుర్గ తప్పు వేసినందుకు కాదు. తప్పు వేసి ఊరుకున్నందుకు. పైనుంచి పోయిన సంగతి ఆ పిల్ల అప్పుడే చెప్పి ఉంటే, వెనక్కి వచ్చేటప్పుడు అక్కడ అందరూ కలిసి అదే తప్పును మళ్ళీ చేసేవాళ్ళు. జడ వెన్నలా విడిపోయేది. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఇంత పరువు పోవాల్సి వచ్చింది.

*

ఈ ఏడాది మార్చిలో అసోసియేషన్ మీటింగు పెట్టినప్పుడు లక్ష్మీకాంత్ ముందే తయారై వచ్చాడు.

"చూడండీ, ట్రెండు మారిపోయిందండీ. ముగింపు రోజు డీజే పెడదాం. నురగలో డాన్సు పెడదాం. పిల్లలు ఎంజాయ్ చేస్తారు. ఆ జడ మళ్ళీ ముడిపడిందనుకోండి, పక్క కాలనీ వాళ్ళ ముందు నేను తలెత్తుకోలేనండీ."

"తల దించుకుంది నేనండీ, మీరు కాదు," అంది నాగవేణి.

ఏడాదిలో ఆమె ఆ విషయం గురించి నలుగురిలో నోరు విప్పడం అదే మొదలు. వెనక వరసలో కూర్చున్న శ్రీదుర్గ చీర కొంగు చూసుకుంటూ ఉండిపోయింది.

అప్పుడు మణెమ్మ లేచింది. మణెమ్మ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారాలు చర్చిలో పాడే గొంతూ, మిగతా రోజుల్లో బస్సును అదిలించే గొంతూ ఆమెకు ఒకటే. "సెక్రటరీ గారూ, బండి ఒక ట్రిప్పు ఆగిపోయిందని ఏకంగా రూటే ఎత్తేస్తారా? ఇంకొక్క ట్రిప్పు పోనివ్వండి."

నలుగురూ ఔనన్నారు. లక్ష్మీకాంత్ ఒప్పుకున్నాడు గానీ మెలిక పెట్టాడు. ఈసారి గనక కత్తెర పడితే, వచ్చే ఏడు నుంచి నవోదయ కాలనీలో జడకోలాటం అనే మాటే ఉండదు. ఆ ఇనుప దూలానికి డీజే స్పీకర్లు వేలాడతాయి.

"అట్టాగే," అంది నాగవేణి. ఇంటికెళ్ళాక మాత్రం ఆలోచన మొదలైంది. తన పేరు సంగతి సరే, పోతే పోతుంది. తన చేతుల మీదుగా జడే పోతే? ఆ ఆలోచనకు ఆమెకు చెప్పలేనంత భయం వేసింది.

సాధన సాయంత్రాల్లో, పందిరి సర్దేశాక, కమ్యూనిటీ హాల్లో మొదలైంది. మొదటిరోజే నాగవేణి కొత్త షరతు చెప్పింది. అల్లేటప్పుడు ఎవరు తప్పినా అక్కడికక్కడే గట్టిగా అరవాలి. ఎక్కడ తప్పారో, ఎవరి మీద తప్పారో చెప్పాలి.

"అరవడమేంటక్కా, సిగ్గు కాదూ?" అన్నారు ఆడవాళ్ళు.

"ఎక్కడ తప్పామో గుర్తు పెట్టుకునేదెట్టా? అన్నీ ఒకేలా తిరుగుతుంటాం కదా," అన్నారు ఇంకొందరు.

రెండో ప్రశ్నకు జవాబు మణెమ్మ తెచ్చింది. తను ఏళ్ళ తరబడి తిరిగిన రూటునే పాట కట్టేసింది. హనుమాన్ జంక్షన్‌లో బయల్దేరి మంగళగిరిలో దిగే పాట. ఊరికొక చరణం, చరణానికొక చుట్టు. జడ అల్లేటప్పుడు పోయే బస్సు, విప్పేటప్పుడు తిరుగు బస్సు. ఏ ఊరి దగ్గర తప్పితే ఆ ఊరి పేరు అరిస్తే చాలు. వచ్చేటప్పుడు ఆ ఊరు రాగానే అందరికీ గుర్తొస్తుంది.

గన్నవరంలో గాలొచ్చె కోలో,
నిడమానూరు నిద్దరోయె కోలో,
రామవరప్పాడు రద్దీరా కోలో...

పాట అందరికీ తెగ నచ్చింది. అరవడం మాత్రం ఎవరికీ రాలేదు. తప్పు వేసి, నాలుక కరుచుకుని, నవ్వేసి పోయేవాళ్ళు. జడ బిగుసుకునేది. అందరూ అందరి ముఖాలూ చూసుకునేవాళ్ళు. మణెమ్మ కోడలు బ్లెస్సీ ఒక్కతే, ఆసుపత్రిలో నర్సు కాబట్టి కాబోలు, ఏ మొహమాటం లేకుండా "బెంజి సర్కిల్! అమలమ్మాంటీ మీద! నాదే!" అని కప్పు ఎగిరిపోయేలా అరిచేది. ఆ రోజు మాత్రం జడ విడిపోయేది.

ఒకరోజు మణెమ్మకు చిర్రెత్తింది. "ఇదిగో, వినండి. టిక్కెట్టు కొట్టడం మర్చిపోయిన కండక్టరు అక్కడే బండి ఆపి కొట్టేస్తే నలుగురు విసుక్కుంటారు, అయిపోద్ది. సిగ్గుపడి దాచిపెట్టుకున్నాడా, చెకింగు వాడి చేతిలో పడి ఉద్యోగమే పోద్ది. దాచుకుంటే తప్పు పెరుగుద్దే గానీ తరగదు. అరవండమ్మా, నోరు పడిపోదు!"

అప్పట్నుంచి ఒక్కొక్కరూ నోరు తెరిచారు. మొదట గొణిగారు, తర్వాత అరిచారు, ఆ తర్వాత అరవడమే ఒక సరదా అయింది. ఎవరైనా అరిస్తే మిగతావాళ్ళు "రైట్ రైట్!" అని బదులిచ్చేవాళ్ళు. ఒక్క శ్రీదుర్గ మాత్రం ఎప్పుడూ అరవలేదు. అరవాల్సిన అవసరమే రానంత జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి ఆడేది. ఆమె పట్టీ చివర ఎప్పుడూ చెమటకు తడిసి ఉండేది. నాగవేణి అది చూసింది. ఆ పిల్ల మీద ఉన్న కోపం ఎప్పుడు కరిగిపోయిందో ఆమెకే తెలీదు. ఏడాదంతా తను ఒక్క పేరు మోసింది, ఆ పిల్ల అంతకంటే బరువైనదేదో మోస్తోంది అనిపించింది.

*

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఆదివారం రోళ్ళతో పాటు తారు రోడ్డు కూడా మెత్తబడింది. అయినా సాయంత్రానికి కాలనీ మైదానం నిండిపోయింది. మామిడిపళ్ళు తినే పోటీలో రసాలన్నీ చొక్కాల మీదే మిగిలాయి. తాడు లాగుడులో మొగుళ్ళ జట్టు మీద పెళ్ళాల జట్టు గెలిచింది, ఇందులో వింతేమీ లేదు. చర్చిలో సెలవుల బడికి వెళ్ళిన పిల్లలు చేతులూపుతూ పాటలు పాడారు. కృష్ణ మీదనుంచి కాస్త గాలి మళ్ళేసరికి లక్ష్మీకాంత్ మైకు అందుకున్నాడు.

"ఇప్పుడు మీరంతా ఏడాదిగా ఎదురుచూస్తున్న జడకోలాటం! ఎందుకైనా మంచిదని ఏర్పాట్లన్నీ చేశామండీ!" అంటూ పక్కనున్న స్టీలు పళ్ళెం ఎత్తి చూపించాడు. పళ్ళెంలో పసుపూ కుంకుమా పెట్టిన పెరుగు ప్యాకెట్ల కత్తెర ఉంది.

జనం గొల్లుమన్నారు. పక్క కాలనీ వాళ్ళు ఈలలు వేశారు. దూలం కింద నిలబడిన పన్నెండు మందీ కర్రలు బిగించి పట్టుకున్నారు. కొత్త పట్టీలు, అన్న మళ్ళీ నేసి పంపినవి, పైనుంచి తళతళలాడుతూ వేలాడుతున్నాయి. నాగవేణి తన కనకాంబరం రంగు పట్టీని వేలికి చుట్టుకుంది.

"ఎవరి వైపూ చూడకండి. ఊళ్ళ వైపు చూడండి," అంది.

మణెమ్మ మెడలోని విజిల్ ఊదింది. "హనుమాన్ జంక్షన్‌లో ఎక్కాము కోలో..."

కర్రలు ఠక్కుమన్నాయి. బండి కదిలింది. గన్నవరం దాటేసరికి కాళ్ళకు పట్టు దొరికింది. నిడమానూరులో జడ తల కనిపించింది, పన్నెండు రంగులతో నున్నగా. ఏడుకొండలు కుర్చీ చివరికి జరిగి కూర్చున్నాడు. జనం నవ్వులు ఆపి చూడడం మొదలుపెట్టారు.

రామవరప్పాడు వచ్చింది. బెజవాడలో రామవరప్పాడు రింగు దగ్గర ఇరుక్కోని మనిషి ఎవరున్నారు గనక? సరిగ్గా ఆ చరణంలోనే లక్ష్మీకాంత్, తన జోకు చల్లారిపోతోందని బాధపడ్డాడో ఏమో, మైకు దగ్గర కత్తెర పెట్టి టకటకమనిపించాడు. ఆ చప్పుడు స్పీకర్లలోంచి మైదానమంతా మోగింది. నాగవేణి చూపు ఒక్క క్షణం అటు తిరిగింది. తిరిగి వచ్చేసరికి ఎదురుగా శ్రీదుర్గ ఉంది. కిందినుంచి పోవాల్సిన నాగవేణి పట్టీ ఆమె తల మీదుగా, పైనుంచి పోయింది.

ఆ సంగతి ఇద్దరికే తెలుసు. నాగవేణికి, శ్రీదుర్గకు. వాళ్ళ కళ్ళు కలిశాయి. శ్రీదుర్గ కళ్ళలో బెదురు కనిపించింది.

నాగవేణి రెండడుగులు ముందుకు వేసింది. ఆ రెండడుగుల్లో ఆమె మనసులో ఎన్ని తిరిగాయో చెప్పలేం. ఊరంతా చూస్తోంది. ఏడాదిగా కత్తెర నాగవేణి అన్నవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు అరిస్తే తన నోటితో తనే ఆ పేరును ఖాయం చేసుకున్నట్టు. ఊరుకుంటే ఏమో, తర్వాత ఎలాగో సర్దుకోవచ్చేమో. శ్రీదుర్గకు పోయినేడు అచ్చం ఇలాగే అనిపించి ఉంటుంది. ఇంత భయం వేస్తుందని నాగవేణికి ఇప్పటిదాకా తెలీదు.

"రామవరప్పాడు! శ్రీదుర్గ మీద! తప్పు నాది!"

ఆమె గొంతు మైకు లేకుండానే మైదానం చివరిదాకా పోయింది. జనానికి మొదట అర్థం కాలేదు, పాటలో భాగమనుకున్నారు. అర్థమయ్యాక నవ్వులు ఎగసిపడ్డాయి. "కత్తెర! కత్తెర!" అని వెనకనుంచి కేకలు. నాగవేణి చెవులు వేడెక్కిపోయాయి. కానీ చుట్టూ తిరుగుతున్న పదకొండు గొంతులు ఒక్కసారిగా "రైట్ రైట్!" అన్నాయి. వాటిలో అన్నిటికంటే గట్టిగా వినిపించింది శ్రీదుర్గ గొంతు.

మణెమ్మ పాట ఆపలేదు. బెంజి సర్కిల్లో బేరాలాడారు, వారధి మీద వానొచ్చింది, తాడేపల్లిలో తాటిముంజెలు తిన్నారు, మంగళగిరిలో దిగారు. జడ మనిషి తల ఎత్తు దాకా దిగి నిలబడింది. విజిల్ పడింది. పన్నెండు మందీ వెనక్కి తిరిగారు.

తిరుగు బస్సు బయల్దేరింది. తాడేపల్లి విడిపోయింది. వారధి విడిపోయింది. బెంజి సర్కిల్ విడిపోయింది. పోయినేడు బిగుసుకుంది ఇంచుమించు ఇక్కడేనని అందరికీ గుర్తే. లక్ష్మీకాంత్ కత్తెర తీసుకుని లేచి నిలబడ్డాడు.

"రామవరప్పాడూ..." అని మణెమ్మ పేరును సాగదీసింది, బస్సులో నిద్రపోయేవాళ్ళను లేపినట్టు.

శ్రీదుర్గ ఎదురొచ్చింది. పట్టీ ఎత్తాల్సింది పోయి, తల వంచి, దారి ఇచ్చింది. నాగవేణి తన పట్టీని ఆమె మీదుగా, పైనుంచి, నిండుగా చెయ్యి చాచి దాటించింది. ఈసారి అది పొరపాటు కాదు. పోయినప్పుడు ఎలా పోయిందో వచ్చేటప్పుడు అలాగే వచ్చింది. పైన అల్లిక ఒకసారి కదిలింది, బిగుసుకోబోయినట్టు కనిపించింది. కనకాంబరం పట్టీ చిలకపచ్చ మీదనుంచి జారి బయటపడింది.

ఇక ఆపేదెవరు! నిడమానూరు, గన్నవరం. కాళ్ళు నేల మీద ఆనలేదు. హనుమాన్ జంక్షన్ చేరేసరికి పన్నెండు పట్టీలూ పన్నెండు దిక్కులా గొడుగులా విచ్చుకుని నిలబడ్డాయి. వాటి మధ్య ఒక్క ముడి లేదు, ఒక్క మెలిక లేదు.

మణెమ్మ విజిల్ ఊదింది గానీ ఆ మోతలో వినిపించలేదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు. పక్క కాలనీ ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ ముందుకొచ్చారు. ఏడుకొండలు, పెళ్ళిలో కూడా గట్టిగా నవ్వని మనిషి, భుజం మీది తువ్వాలు తీసి గాల్లో గిరగిరా తిప్పాడు. నాగవేణి నవ్వబోయి ఏడ్చేసింది. ఏడుస్తూనే పట్టీని కళ్ళకద్దుకుంది.

అప్పుడే శ్రీదుర్గ మొగుడి చేతిలోంచి మైకు లాక్కుంది.

"అందరూ ఒక్క నిమిషం ఆగండి. పోయినేడు... పోయినేడు తప్పింది నాగవేణక్క కాదండీ. నేను. నాకు అప్పుడే తెలుసు, చెప్పలేకపోయాను. ఏడాది పాటు ఆవిణ్ణి మీరంతా అంటుంటే విన్నాను. మా ఆయన మా ఇంట్లోనే అంటుంటే విన్నాను." ఊపిరి పీల్చుకుని, ఆ చోటు ఇప్పటి పాటలో ఏ ఊరికి వస్తుందో చూసుకుని, సాధనలో మిగతావాళ్ళలా అరిచింది. "నిడమానూరు దగ్గర! అక్క మీద! తప్పు నాది!"

జట్టులోని ఆడవాళ్ళకు ఏం చెయ్యాలో తెలుసు.

"రైట్ రైట్!" అన్నారు పదకొండు మందీ. వెంటనే మైదానమంతా అందుకుంది. ముసలీ ముతకా, పక్క కాలనీ వాళ్ళూ, "రైట్ రైట్!" అని అరిచారు. శ్రీదుర్గ పరుగెత్తుకొచ్చి నాగవేణి భుజం మీద పడింది.

"నీకు తెలుసా అక్కా?"

"పోయిన జూన్‌లోనే తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే చెప్తావని," అంది నాగవేణి. అది పూర్తిగా నిజం కాదు, మధ్యలో చాలాసార్లు చెప్పేద్దామనిపించింది. కానీ గెలిచిన రోజున ఆ మాత్రం గొప్ప చెప్పుకోవచ్చు.

లక్ష్మీకాంత్ కత్తెర పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. కాసేపటికి కత్తెరను మెల్లగా జేబులో పెట్టుకోబోయాడు. మొన చొక్కాకు గుచ్చుకుంది.

*

సంబరాలైతే అయిపోయాయి గానీ ఎండలు అయిపోలేదు. వానలు పడేదాకా పందిరి ఉండాల్సిందే. మర్నాడు పొద్దున నాగవేణి వెళ్ళేసరికి బ్లెస్సీ మొదటి కుండ మజ్జిగ కలిపి రెండోది కడుగుతోంది, శ్రీదుర్గ కరివేపాకు దూస్తోంది. రోడ్డు మీద ఒక ఆటో ఆగింది. అందులోని మనిషి తల బయటపెట్టి, "ఏవండీ, నిన్న జడ విప్పిన కాలనీ ఇదేనా?" అని అడిగాడు. "ఇదే ఇదే, దిగి మజ్జిగ తాగండి," అంది బ్లెస్సీ. ఆ పలకరింపు వింటూ నాగవేణి కుండ మీద మూత పెట్టడం కూడా మర్చిపోయింది.

అంతలో లక్ష్మీకాంత్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా లేదు, పాత టీషర్టు వేసుకున్నాడు, ప్యాంటు జేబులోంచి కత్తెర పిడి కనిపిస్తోంది. పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"నాగవేణి గారూ... మరేం లేదండీ. వచ్చే ఏడు మగాళ్ళ జట్టు కూడా ఒకటి పెడదామనుకుంటున్నామండీ. నాకూ ఒక పట్టీ ఇస్తారేమోనని..." గొంతు తగ్గించాడు. "ఏడాదంతా ఏదేదో అన్నానండీ. నాది తప్పండీ."

"వినపడట్లేదండీ," అంది నాగవేణి.

లక్ష్మీకాంత్ అటూ ఇటూ చూశాడు. బస్టాపులో జనం ఉన్నారు. శ్రీదుర్గ కరివేపాకు ఆపి మొగుడి వైపే చూస్తోంది. అతను కళ్ళు మూసుకుని, "తప్పు నాదీ!" అని అరిచాడు. బస్టాపు మొత్తం ఇటు తిరిగింది.

"రైట్ రైట్," అన్నారు ముగ్గురాడవాళ్ళూ.

"పట్టీ సంగతి వచ్చే ఏడు చూద్దాం. ముందు గరిటె సంగతి. కట్టుబాటు తెలుసుగా," అంది నాగవేణి. "ముందు ఆ జేబులో ఉన్నది తీయండి."

లక్ష్మీకాంత్ జేబులోంచి కత్తెర తీశాడు. నాగవేణి చెయ్యి చాచి అందుకుంది. ఏడాది తర్వాత కత్తెర ఆమె చేతిలోకి వచ్చింది. చల్లగా, తేలిగ్గా, మామూలు కత్తెరలాగే ఉంది. చెంబు నీళ్ళతో పసుపు కుంకాలు కడిగింది, చీర కొంగుతో తుడిచింది. ఒక పెరుగు ప్యాకెట్టు తీసుకుని మూల కసుక్కున కోసి కుండలోకి వంపింది. ఆ చప్పుడు ఆమెకు ఎంతో హాయిగా వినిపించింది.

తర్వాత కత్తెర లక్ష్మీకాంత్ చేతిలో పెట్టి, పెరుగు ప్యాకెట్ల ట్రే మొత్తం అతని ముందుకు జరిపింది.

"కొయ్యండి. మీకు అలవాటైన పనే కదా."